చిరునామాకు పదవిభాగం

పద్యం చెప్పడానికి ఒక క్రమం ఉంది. మొదట పద్యాన్ని చదవాలి. తరువాత పదవిభాగం. ఆపైన ప్రతిపదార్థం, అన్వయం. చిట్టచివర తాత్పర్యం. తెలుగు పండిత శిక్షణకు వెళ్ళినవారందరికీ ఇది తెలిసినదే. తాత్పర్యాన్ని ముందే మనసులో పెట్టుకొని పదాలను విరవబోయే విద్యార్థి పద్యంలో లేని పదాలను కనిపెడతాడు, ఉన్న పదాలను పోగొడతాడు. ముప్పైరెండేళ్ళ ఉద్యోగంలో ఈ ఒక్క మాట ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు.

ఇదే క్రమం ఒక కంప్యూటరు ప్రోగ్రాములో తలకిందులైతే ఏమవుతుందో ఈ మధ్య ప్రత్యక్షంగా చూశాను. ఒక పాఠశాల పూర్వవిద్యార్థులలో కొందరికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు అందలేదు. పైగా, అందనివారందరూ తమ పేరును తెలుగు లిపిలో రాసుకున్నవారే. ఆ ప్రోగ్రామును తిరగరాసిన వృత్తాంతం ఇది. ఇందులో సాంకేతిక విషయం కాస్త ఎక్కువగానే ఉంటుంది. అయితే వ్యాకరణం చదివినవారికి అది పరాయి విషయంగా తోచదని నా నమ్మకం.

* * *

మా పాఠశాల పూర్వవిద్యార్థుల సంఘం నెలకొక ఉత్తరం ఈమెయిలులో పంపుతుంది. గ్రంథాలయానికి ఎవరు ఏ పుస్తకాలు ఇచ్చారు, పదవ తరగతి పిల్లలలో ఎవరికి ఫీజు సాయం కావాలి, పాతవారిలో ఎవరు కాలం చేశారు, ఇటువంటి సంగతులు ఉంటాయి. ఉత్తరం పూర్తిగా తెలుగులోనే ఉంటుంది. చేరదలచినవారు ఒక చిరునామాకు ఖాళీ మెయిలు పంపితే చాలు. ప్రోగ్రాము ఆ మెయిలు పంపినవారి పేరునూ చిరునామానూ విడదీసి జాబితాలో చేర్చుకుంటుంది.

ఈ ఏర్పాటు చేసినవాడు నా దగ్గర నాలుగేళ్ళు చదువుకున్న విద్యార్థి. 2004లో, ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు కూర్చొని పెర్ల్ భాషలో రాశాడు. 2018లో అతడు ఆకస్మికంగా మరణించాడు. ప్రోగ్రాము మాత్రం నడుస్తూనే ఉంది. నడుస్తున్నదానిని కదిలించడమెందుకని ఎవరూ దానిని తెరవలేదు.

ఉద్యోగ విరమణ తరువాత ఈ ఉత్తరం బాధ్యత నాకు వచ్చింది. గ్రంథాలయ దాతల పట్టికను జాబితాతో సరిచూస్తూ ఉంటే కొన్ని పేర్లు కనబడలేదు. ఒక్కొక్కరికే ఫోను చేశాను. “చేరుతామని మెయిలు పంపామండీ, ఏమీ రాలేదు” అన్నారు ఒకరు. మస్కట్‌లో ఎలక్ట్రీషియనుగా పనిచేస్తున్న ఒక విద్యార్థి మూడుసార్లు పంపాడట. “మా బ్యాచి వాళ్ళందరికీ వస్తోంది టీచరు గారూ. నేను పదవ తరగతి తప్పానుగదా, అందుకని నన్ను చేర్చుకోలేదేమో అనుకున్నాను” అన్నాడు. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

ఇలా దొరికిన ఏడెనిమిది పేర్లు కాగితం మీద రాసుకొని చూస్తే ఒక పోలిక కనిపించింది. వారు పంపిన మెయిళ్ళలో పేర్లు తెలుగులో ఉన్నాయి. పేరుకు ముందు ఇంటిపేరు పొడి అక్షరాలో, పేరు తరువాత కామా పెట్టి బి.ఏ., బి.ఎడ్. వంటి పట్టాలో ఉన్నాయి. తెలుగు మీద మమకారంతో తెలుగులో పేరు రాసుకున్నవారికే తెలుగు ఉత్తరం అందలేదన్నమాట.

* * *

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు ఆ ప్రోగ్రామును చూపించాను. చిరునామాను విడదీసే భాగం మొత్తం ఒకే ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అచ్చు వేస్తే దాదాపు ఒక పుట. విరామం లేదు, వ్యాఖ్య లేదు. చాలాసేపు చూసి, “అత్తయ్యా, ఇది రాసినాయన చాలా తెలివైనవాడు. అదే చిక్కు. ఇందులో ఒక చుక్క కదిపితే ఇంకెక్కడ ఏం కూలుతుందో తెలియదు” అంది.

తెలియనివారి కోసం: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే అక్షరాల వరుసకు ఒక నమూనా. ఈ నమూనాకు సరిపోతే ఔను, సరిపోకపోతే కాదు. చిన్న పనులకు ఇంతకంటె సుఖమైన సాధనం లేదు. పెద్ద పనికి వాడితే ఏకపద దీర్ఘసమాసం అవుతుంది. విగ్రహవాక్యం చెప్పగలిగినవాడు దానిని కూర్చినవాడొక్కడే.

ఈమెయిలు చిరునామా చూడటానికి చిన్నది. 1971లో రే టామ్లిన్సన్ మనిషికీ యంత్రానికీ నడుమ @ గుర్తు పెట్టినప్పుడు అది నిజంగానే చిన్నది. తరువాత వ్యాకరణం పెరిగింది. 1977లో ఒక ప్రమాణపత్రం, 1982లో డేవిడ్ క్రాకర్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 822, 2001లో 2822, 2008లో 5322 వచ్చాయి. ఒక్కొక్కటి తన ముందుదానిని సంస్కరించింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చేరని ప్రయోగాలకు బహుజనపల్లి సీతారామాచార్యులుగారు ప్రౌఢవ్యాకరణం రాసి పూరించినట్లే ఇక్కడా లక్ష్యాన్ని బట్టి లక్షణం సాగింది.

ఈ పత్రాలలోని నియమాలను చెప్పే పద్ధతికి బాకస్-నౌర్ రూపం అని పేరు. ఒక సంజ్ఞను ఎడమవైపు పెట్టి, అది వేటితో ఏర్పడుతుందో కుడివైపు చెప్పడం. దీనికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లోనే ఇంగర్‌మన్ అనే ఆయన ఒక కంప్యూటరు పత్రికలో సూచించాడు. ఆ సంగతి మా మేనకోడలికి నేను చెప్పాను. చిరునామా వ్యాకరణం ఆమె నాకు చెప్పింది. ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో సరిపోయింది.

ఆ వ్యాకరణాన్ని నాకు అర్థమైన తీరులో చెబుతాను. పేర్లు ఊరికే ఉదాహరణకు.

సుగ్రీవుడు@కిష్కింధ.భారత్ అన్నది సరళమైన రూపం. @ కు ముందున్నది స్థానభాగం, తరువాతిది క్షేత్రం. స్థానభాగానికి అర్థం చెప్పే అధికారం ఆ క్షేత్రానికే ఉంది, మధ్యలో ఇంకెవరికీ లేదు. జీమెయిల్ స్థానభాగంలోని చుక్కలను లెక్కచేయదు. మరొకచోట చుక్క ఉన్నదీ లేనిదీ ఇద్దరు వేర్వేరు మనుషులు కావచ్చు. కనుక దారిలో ఉన్నవారు చుక్కలు తీసివేయరాదు.

ముందు పేరు రాసి, చిరునామాను < > గుర్తుల మధ్య పెట్టడం రెండవ రూపం. పేరులో కామా వంటి ప్రత్యేక చిహ్నం ఉంటే పేరును ఉద్ధరణ చిహ్నాలలో ఉంచాలి. ఎందుకంటే విడిగా ఉన్న కామా ఒక చిరునామాను మరొక చిరునామా నుంచి వేరు చేస్తుంది.

ఇవి గాక, కుండలీకరణాలలో వ్యాఖ్య రాయవచ్చు. ఆ వ్యాఖ్యలో మరొక వ్యాఖ్య, దానిలో ఇంకొకటి ఎంత లోతుకైనా ఉండవచ్చు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అసలు నిర్వచనానికి లొంగనిది ఇదే. తెరిచిన కుండలీకరణాలెన్నో గుర్తు పెట్టుకొని అన్నింటినీ మూయాలంటే లెక్క కావాలి. శుద్ధమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు అటువంటి లెక్క లేదు. మా విద్యార్థి ఒక్క లోతు వరకు అనుమతించి అక్కడ ఆపాడు. 2004లో అది చాలు కూడా.

చుక్క సంగతి మనకు మరీ దగ్గరిది. పాత ప్రమాణం ప్రకారం ఉద్ధరణ చిహ్నాలు లేని పేరులో చుక్క ఉండకూడదు. లోకం వినలేదు. పేర్ల ముందు పొడి అక్షరాలు పెట్టుకొని, వాటి తరువాత చుక్కలు పెడుతూనే వచ్చింది. చివరకు 2001 నాటి పత్రం దిగివచ్చి, పొడి అక్షరాల కోసం జనం ఇలా వాడుతున్నారు గనుక దీనిని సరిగా చదవవలసినదేనని ఒప్పుకొంది. రాయడానికి మాత్రం అనుమతి ఇవ్వలేదు. అటువంటి రూపాలన్నిటినీ “కాలం చెల్లినవి” అనే అధ్యాయంలో పెట్టింది: చదివేవాడు వాటిని అంగీకరించి తీరాలి, రాసేవాడు వాటిని పుట్టించరాదు. మనకు అరసున్న, బండి ఱ ఉన్నట్లే. పాత గ్రంథంలో కనిపిస్తే చదవగలగాలి, నేటి వ్యాసంలో రాయనక్కరలేదు. ఇంటర్నెట్టు తొలినాటి పెద్దలలో ఒకరైన జాన్ పోస్టెల్ చెప్పిన సూత్రానికీ ఇదే భావం. ఇచ్చేటప్పుడు నియమం, పుచ్చుకునేటప్పుడు ఔదార్యం.

* * *

ఇక అసలు రోగం. ఈమెయిలు శీర్షికలు పుట్టింది ఇంగ్లీషు అక్షరాలకు. తెలుగు పేరు అందులో నేరుగా ఒదగదు. అందుకని 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2047 ఒక ఉపాయం చెప్పింది. తెలుగు అక్షరాలను బైట్లుగా మార్చి, ఆ బైట్లను ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ చేసి, ముందు వెనుక ప్రశ్నార్థకాలూ సమాన చిహ్నాలూ తగిలించి ఒక మూట కట్టాలి. చేరినచోట ఆ మూట విప్పి చూపాలి. (2012 నాటి పత్రాలు చిరునామాలో తెలుగునే నేరుగా రాయడానికి దారి చూపాయి. మూటలు మాత్రం నేటికీ విరివిగా వాడుకలో ఉన్నాయి.)

ఒక్కొక్క మూట నిడివి 75 గుర్తులకు మించకూడదు. మా మేనకోడలు లెక్క వేసి చూపింది. యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణచిహ్నం ఒక్కొక్కటి మూడు బైట్లు. మూటలో అవి నాలుగు గుర్తులవుతాయి. కట్టుతాళ్ళకు 12 పోతే మిగిలిన 63లో 15 తెలుగు చిహ్నాలకే చోటు. ఒత్తులూ గుడులూ పొల్లులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. “లక్ష్మీనారాయణ” అంటే 13 చిహ్నాలు. ఒక మూటలో పడుతుంది. “వేంకటలక్ష్మీనారాయణ” అంటే 18. రెండు మూటలు కావాలి. అక్షరం మధ్యలో మూట తెంచరాదని నియమం ఉన్నా కొన్ని ప్రోగ్రాములు తెంచుతాయి. ఆ రెండు ముక్కలనూ విడివిడిగా విప్పితే తెగినచోట అక్షరం పోయి ప్రశ్నార్థకం మిగులుతుంది.

ఇంతకూ క్రమం ఏమిటి? ముందు శీర్షికను పదాలుగా విడదీయాలి. ఏది పేరు, ఏది చిరునామా, ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలైంది, ఇదంతా తేలాలి. ఆ తరువాతనే పేరు అనే మూటను విప్పాలి. పదవిభాగం ముందు, అర్థం తరువాత. ప్రమాణపత్రం కూడా ఇదే చెబుతుంది. మూటలో ఉన్న కామా మూటలోనే ఉంటుంది. అది విభజించే కామా కాదు.

పాత ప్రోగ్రాము ముందే మూటలన్నీ విప్పి, తరువాత విడదీసేది. విప్పగానే కామాలూ చుక్కలూ బయటపడేవి. ఒక ఉపాధ్యాయ మిత్రుడి పేరు, బి.ఏ., బి.ఎడ్. అని ఉంటే అది మూడు చిరునామాలుగా కనిపించేది. మూడింటిలో ఒక్కటీ నమూనాకు సరిపోయేది కాదు. పొడి అక్షరాలను మా విద్యార్థి ఆనాడే ఆలోచించి ఒక నియమం పెట్టాడు: ఒక ఇంగ్లీషు పెద్ద అక్షరం, వెంట ఒక చుక్క. కానీ తెలుగులో “ఎం.” అంటే చుక్కకు ముందు రెండు చిహ్నాలు, “ఎస్.” అంటే మూడు. నమూనా వాటిని గుర్తించలేదు. గుర్తించని మెయిలును ప్రోగ్రాము పక్కన పెట్టేసేది. ఎవరికీ ఏమీ చెప్పేది కాదు.

ఇందులో అతడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 2004లో మెయిలులో తెలుగు పేరు పెట్టుకునేవారు ఎందరు? ఆనాటి లక్ష్యానికి ఆ లక్షణం సరిపోయింది. లక్ష్యం మారింది, లక్షణం మారలేదు. వ్యాకరణాలకూ జరిగేది ఇదే.

* * *

తిరగరాయాలని నిశ్చయించుకున్నాక మా ఇద్దరికీ భేదాభిప్రాయం వచ్చింది. పాతది పూర్తిగా పక్కన పెట్టి కొత్తగా మొదలుపెడదామని ఆమె. ప్రాచీన గ్రంథ పరిష్కర్తలు పనిచేసిన తీరు నాకు తెలుసు. తాళపత్ర ప్రతిలో అర్థం కాని పాఠం కనిపిస్తే దానిని కొట్టివేయరు. మూలంలో కొత్త పాఠం పెట్టినా పాతదానిని అధోజ్ఞాపికలో ఉంచుతారు. అర్థం కాకపోవడం మన కొరత కావచ్చు గనుక.

చివరకు ఇలా ఒప్పుకున్నాం. పాత ప్రోగ్రామును మాతృకగా ఉంచడం. ఇరవై ఏళ్ళుగా వచ్చిన చేరిక మెయిళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిని రెండు ప్రోగ్రాములకూ ఇచ్చి జవాబులు పోల్చడం. తేడా వచ్చిన ప్రతిచోటా ఏది సరియో మనిషి నిర్ణయించడం. ఆ మనిషిని నేను.

ఈ పద్ధతి వల్ల ఎంత మేలు జరిగిందో చెబుతాను. పాత ప్రోగ్రాములో ఒకచోట క్షేత్రం చివర చుక్క ఉంటే తీసివేస్తున్నాడు. ఇంకొకచోట క్షేత్రంలో కామా ఉంటే దానిని చుక్కగా మారుస్తున్నాడు. రెండూ ప్రమాణంలో లేవు. “ఇవి అనవసరం అత్తయ్యా” అంది ఆమె. పోల్చి చూస్తే తెలిసింది. సమావేశాలలో కాగితం మీద రాసి ఇచ్చిన చిరునామాలను ఎవరో టైపు చేసేవారు. వాక్యం ముగిసిందని కొందరు చివర చుక్క పెట్టారు. చుక్కను కామాగా పొరబడినవారు కొందరు. ఆ రెండు పంక్తుల వెనుక మా ఊరి మనుషులున్నారు. వాటిని తీసివేసి ఉంటే ఇంకొంతమంది జారిపోయేవారు.

పైథాన్ భాషలో ఈ పనికి సిద్ధమైన సాధనం ఉంది కదా అని తెలిసినవారు అడుగుతారు. నేనూ అడిగాను. మూటలు విప్పడానికి దానినే వాడుకున్నాం. చిరునామాను విడదీసే పాత సాధనం మాత్రం మాకు చాలలేదు. అర్థం కాని చిరునామా వస్తే అది రెండు ఖాళీలు ఇచ్చి ఊరుకుంటుంది, కారణం చెప్పదు. మా రోగమే మౌనం. అదే సాధనం కొన్ని వక్రమైన రూపాలలో తప్పు భాగాన్ని చిరునామాగా చూపుతుందన్న లోపం కూడా 2023లో బయటపడింది. తరువాత దానిని దిద్దారు. ఎందరో పెద్దలు ఏళ్ళ తరబడి చూసిన దానిలోనే ఇటువంటిది మిగిలిందంటే, పని ఎంత సూక్ష్మమైనదో ఊహించవచ్చు.

కొత్త ప్రోగ్రామును నాలుగు అధ్యాయాలు చేశాం. మొదటిది పదవిభాగం. అక్షరాల వరుసను ముక్కలు చేసి, ఇది అణువు, ఇది ఉద్ధరణ, ఇది వ్యాఖ్య, ఇది చిహ్నం అని పేరు పెట్టడమే దాని పని. రెండవది అన్వయం. ఆ ముక్కలలో ఏవి పేరు, ఏవి స్థానభాగం, ఏవి క్షేత్రం అని కూర్చుతుంది. మూడవది అర్థం. మూటలను విప్పేది ఇక్కడే. పక్కపక్కనున్న మూటలను ముందు కలిపి ఆ తరువాతనే అక్షరాలు చేస్తుంది గనుక తెగిన అక్షరం అతుక్కుంటుంది. నాలుగవది తీర్పు. ఈ చిరునామాను మనం పుచ్చుకోవాలా వద్దా అన్నది ఇక్కడ మాత్రమే నిర్ణయమవుతుంది. పాత ప్రోగ్రాములో ఈ నాలుగూ ఒకే పంక్తిలో పెనవేసుకొని ఉండేవి. క్షేత్రం చివరి భాగానికి రెండు నుంచి నాలుగు అక్షరాలే ఉండాలన్న తీర్పు కూడా నమూనాలోనే కలిసిపోయింది. 2013 చివరి నుంచి నిడివైన క్షేత్రనామాలు వందలుగా వచ్చాయి. అవన్నీ అక్కడే ఆగిపోయాయి.

కాగితపు చిరునామాల కోసం మా విద్యార్థి రాసుకున్న ఆ రెండు సవరణలనూ వేరే ఒక చిన్న భాగంలో పెట్టాం. దానికి నేను “ప్రకీర్ణకం” అని పేరు పెట్టాను. బాలవ్యాకరణంలో చివరి పరిచ్ఛేదం పేరది. ఎక్కడా ఇమడనివి, అయినా వదలరానివి అక్కడ ఉంటాయి.

ఇందులో నా వంతు పని రెండు విధాలు. ఒకటి, ప్రతి అధ్యాయం తల మీద నియమాన్ని తెలుగులో రాయడం. సంజ్ఞ చెప్పకుండా సూత్రం చెప్పకూడదు గనుక సంజ్ఞలు ముందు రాశాను. సంధులలో నిత్యం, వైకల్పికం, బహుళం అని చెప్పుకుంటాం. అలాగే ప్రతి నియమం పక్కన ఇది తప్పనిసరా, ఐచ్ఛికమా, పాతవారి కోసం ఒప్పుకున్నదా అని గుర్తు పెట్టాను. రెండవది, ఉదాహరణలూ ప్రత్యుదాహరణలూ కూర్చడం. నూటికి పైగా అయ్యాయి. ప్రోగ్రామును ఎవరు ఏ కొంచెం మార్చినా ఇవన్నీ మళ్ళీ పరీక్షకు వస్తాయి. ఏది తప్పినా వెంటనే తెలుస్తుంది. ప్రత్యుదాహరణ లేని సూత్రం నమ్మదగినది కాదని మా గురువుగారు అనేవారు. సాఫ్ట్‌వేరువారికీ అదే నీతి అని తెలిసి సంతోషించాను.

ఇక మీదట ఏ మెయిలూ నిశ్శబ్దంగా పోదు. ప్రోగ్రాముకు అర్థం కానిది నా దగ్గరకు వస్తుంది, ఎందుకు అర్థం కాలేదో తెలుగులో చెబుతూ. “పద్నాలుగవ గుర్తు దగ్గర కుండలీకరణం తెరిచారు, మూయలేదు” అంటుంది. “@ తరువాత ఏమీ లేదు” అంటుంది. విద్యార్థి జవాబుపత్రం మీద ఎర్రసిరాతో సున్న చుట్టడం వేరు, పక్కన కారణం రాయడం వేరు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. వ్యాకరణశుద్ధమైన వాక్యం సత్యం కావాలని లేదు. అలాగే నిర్దోషమైన చిరునామాలో మనిషి ఉండాలని లేదు. ఉన్నాడో లేడో ఉత్తరం రాసి తెలుసుకోవలసిందే. అందుకే తీర్పు అధ్యాయాన్ని ఉదారంగా ఉంచి, చేరినవారికి ధ్రువీకరణ మెయిలు ఒకటి పంపుతున్నాం.

* * *

పాతదానిని మార్చే ముందు మా విద్యార్థి భార్యకు ఫోను చేశాను. అతని చేతిరాత వంటిది గదా, చెప్పకుండా తీయడం న్యాయం కాదనిపించింది. ఆ అమ్మాయి నవ్వింది. “ఆ చిరునామాల ముక్కను ఆయనే ఏడాదికొకసారి తెరిచి, ఇది మళ్ళీ రాయాలి అని విసుక్కునేవారండీ. తీరిక దొరకలేదు. మీరు రాయండి. ఆయన పేరు మాత్రం ఉంచండి” అంది.

కొత్త ప్రోగ్రాము మొదటి పంక్తిలో అతని పేరు ఉంది. 2004 అన్న సంవత్సరం ఉంది. దాని కింద, ఏ నియమం ఎందుకు మారిందో, ఏది అతడు పెట్టినట్లే ఉంచామో వివరంగా రాశాం. మాతృక పక్క సంచయంలో భద్రంగా ఉంది.

పాత మెయిళ్ళను కొత్తదానికి ఇచ్చిన రోజున, ఏనాడో చేరదలచి చేరలేకపోయిన ముప్పైయేడుగురు బయటపడ్డారు. అందరికీ విడివిడిగా రాశాను. కొందరి చిరునామాలు ఇప్పుడు లేవు. ఇద్దరు జీవించి లేరని వారి పిల్లలు జవాబిచ్చారు. వారిలో ఒకరు నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు. పేరు తరువాత పట్టాలన్నీ రాసుకునే అలవాటు ఆయనకు ఉండేది. ఆ కామాలే ఆయనను జాబితాకు దూరం చేశాయి. “నాన్నగారు పాఠశాల సంగతులు అప్పుడప్పుడు అడుగుతూ ఉండేవారు” అని మాత్రం ఆయన కుమార్తె రాసింది. ఆ జవాబుకు బదులు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మస్కట్ విద్యార్థికి గడచిన నెల ఉత్తరం అందింది. గ్రంథాలయంలో ఫ్యాన్లు సరిగా తిరగడం లేదన్న వార్త అందులో ఉంది. ఊరికి వచ్చినప్పుడు వైరింగు అంతా తానే చూస్తానని రాశాడు.

ప్రోగ్రామైనా వ్యాకరణమైనా రాసినవాడి తరువాత మరొకరి చేతికి వెళ్ళేదే. ఆ చేయి ఎవరిదో రాసేటప్పుడు తెలియదు. మా ప్రోగ్రామును రేపు ఎవరు తెరుస్తారో మాకూ తెలియదు. మా మేనకోడలు ఉద్యోగం మారవచ్చు, నాకు కన్ను మసకబారవచ్చు. అందుకే నాలుగు ముక్కలు చేశాం, పేర్లు పెట్టాం, కారణాలు రాశాం. వచ్చినవారు ఒక ముక్కను విప్పి చూసి, సరిచేసి, తిరిగి పెట్టగలిగితే చాలు.

మీలో ఎవరైనా ఇటువంటి జాబితా నడుపుతూ ఉంటే, చేరినవారి సంఖ్యతో పాటు ప్రోగ్రాము తిరస్కరించిన మెయిళ్ళను కూడా ఒకసారి చూడండని మనవి. తెలుగులో పేరు రాసుకున్నవారు అక్కడ ఉండవచ్చు. ఈ వ్యాకరణంలో నేను చెప్పని విశేషాలు మీకు తెలిస్తే తెలియజేయగలరు. ఉదాహరణల పట్టికలో చేరుస్తాను.

సెలవు.